గ్యాస్ క్లిప్పుతో కొండెక్కిన కారు

కొత్తలో యాభై లక్షలు పలికిన జర్మనీ కారు పదేళ్ల తర్వాత పదకొండు లక్షలకే ఎందుకొస్తోందని కొనకముందు అడగాలి. నేను కొన్నాక అడిగాను. అమ్మినాయన నవ్వాడు. కారుకు వయసొస్తే ధర తగ్గుతుంది గానీ లోపలి సామాన్లకు తగ్గదు. అవి ఎప్పటికీ యాభై లక్షల కారు సామాన్లే. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

హనుమకొండలో నాది కళ్ళద్దాల షాపు. ఊళ్ళో అందరికీ చూపు సరిచేసే మనిషిని, నా కళ్ళు మాత్రం ఆ కారు ఎర్ర రంగు దగ్గరే ఆగిపోయాయి. దానికి రెండే తలుపులు. వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచి, ఆ సందులోంచి దూరాలి. తలుపు తెరిచిన ప్రతిసారీ అద్దం అరంగుళం కిందికి దిగి, మూయగానే పైకెక్కుతుంది. కొనేటప్పుడు ముచ్చటేసింది. రెండో నెలలో ఆ అద్దం ఎక్కడం మానేస్తే కంపెనీ షోరూమువాళ్ళు ముప్పై ఎనిమిది వేలన్నారు. హైదరాబాద్‌లో పాత సామాన్ల కొట్లో తొమ్మిది వేలకు దొరికింది. తర్వాత ఇంజను మీద నూనె కారింది. కావలసిన రబ్బరు పన్నెండు వందలు, అది వెయ్యడానికి కూలి ఇరవై రెండు వేలు. సగం ఇంజను విప్పితే తప్ప ఆ రబ్బరు కనబడదట. నిప్పురవ్వ పుట్టించే కాయిల్స్ ఆరుంటాయి, ఒక్కోటి ఆరు వేలు. ఒకటి పోయిందంటే మిగతా ఐదూ దాని దారిలోనే ఉంటాయి. ఈ డబ్బుతో ఒక పిల్లను డాక్టరు చదివించొచ్చని మా ఆవిడ అంటుంది. మాకు పిల్లలు లేరన్నది ఆ మాటకు అడ్డు రాదు.

ఇలాంటి కారులో ఛత్తీస్‌గఢ్ దాకా, బస్తర్ ఎందుకు వెళ్ళావంటే, మాటిచ్చాను కాబట్టి.

అక్కడ కిరండూల్‌లో మా అక్క మొగుడు, కొమురయ్య బావ, ఇనుప గని వర్క్‌షాపులో మెకానిక్. కొండమీద ఖనిజం మోసే డంపర్లను ముప్పై ఎనిమిదేళ్లుగా బాగుచేస్తున్నాడు. నేను ఇంటర్ తప్పి మా ఊరు చెర్లలో తిరుగుతుంటే, అక్కణ్ణుంచి నన్ను పట్టుకెళ్ళి రెండేళ్లు తన క్వార్టర్లో ఉంచుకున్నాడు. ఆ గనికి ఒక ఆచారం ఉంది. ఏడాదంతా కొండమీదికి పాసున్న వాళ్ళనే పోనిస్తారు. విశ్వకర్మ పూజ నాడు మాత్రం గేటు తెరుస్తారు. కుటుంబాలు, బంధువులు, ఎవరి బండ్లలో వాళ్ళు పైకెళ్ళి పూజ చూస్తారు. ఆ రెండేళ్లలో ఒక పూజకు బావ స్కూటర్ మీద ముగ్గురం వెళ్ళాం. ఘాట్ మధ్యలో స్కూటర్ మొండికేసింది. అక్కను దించకుండా బావా నేనూ దాన్ని రెండు కిలోమీటర్లు తోశాం. నాకు ఒళ్ళు మండి, "నేను కారు కొన్ననాడు నిన్ను ముందు సీట్లో కూసోబెట్టి తెస్త బావా, తోసే పని ఉండదు" అన్నాను. బావ మరిచిపోలేదు.

పోయినేడు సెప్టెంబరు ఆఖరున ఆయన రిటైర్మెంట్. "వచ్చే నెల నుంచి గేటు కాడ నేను కూడా బయటోణ్ణే" అన్నాడు ఫోన్లో. రిటైరయ్యే మనిషి చేత పూజలో కొబ్బరికాయ కొట్టించడం వర్క్‌షాపులో మర్యాద. బామ్మర్ది కారులో వస్తానని అందరికీ చెప్పేశాడట. ఇక నేను బస్సెక్కితే బాగుండదు.

తర్లగూడ

ఏటూరునాగారం దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కేసరికి చినుకులు మొదలయ్యాయి. నది నిండా ఎర్రనీళ్ళు. అద్దం దించి చూశాను, అంతే, ఎడమవైపు అద్దం మళ్ళీ ఎక్కలేదు. తొమ్మిది వేలు వరదలో పోయినట్టే. తర్లగూడ చేరేసరికి పక్క సీట్లో గ్లాసుడు నీళ్ళు నిలిచాయి.

రోడ్డు పక్క టీ కొట్టు రాజక్కది. టీ పది రూపాయలు, రెండు మిరపకాయ బజ్జీలు పదిహేను. ఆమె నాతో తెలుగులో, మొగుడితో దోర్లిలో, బీజాపూర్ బస్సు కండక్టరుతో హిందీలో మాట్లాడుతూ, మధ్యలో పాలు పొంగితే ఏ భాషా కాని కేక ఒకటి వేస్తోంది. మా దగ్గర రెండు భాషలొస్తే బయోడేటాలో రాసుకుంటాం.

ఆమె మొగుడు పొలం నుంచి వచ్చి కారు చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు.

"ఏందన్నా, రెండే తలుపులున్నయి? మిగిలినయి పైసలు కడితే ఇస్తరా?"

"ఇది అంతే అన్నా. స్టైలు."

"ఎంతకొచ్చింది?"

చెప్పాను. ఆయన రాజక్క వైపు చూశాడు, రాజక్క టీ వడకట్టడం ఆపింది. "పదకొండు లచ్చలు పెట్టినోడు అద్దానికి పైసలు పెట్టలే" అని ఆమె తేల్చేసింది.

కానీ మనసు మంచిది. ఖాళీ యూరియా సంచి కోసి, మొగుడి చేత కిటికీకి అడ్డంగా పట్టించి, టేపుతో అంటించింది. డబ్బివ్వబోతే ఆయన వద్దని, ఒక్కసారి కూర్చుంటానన్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, కాసేపు చూసి, "ఇది కూసునే బండి కాదే, పండుకునే బండి" అని దిగిపోయాడు.

బీజాపూర్

రోడ్డు బాగుంది, నేననుకున్నదానికన్నా చాలా బాగుంది. చెక్‌పోస్టుల దగ్గర జవాన్లు నా కాగితాలకంటే యూరియా సంచినే ఎక్కువసేపు చూశారు. ఆ సాయంత్రం బీజాపూర్‌లో ఆగాను.

పొద్దున సంతలో ఆకు దొప్పల్లో వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు అమ్ముతున్నారు. తూకం లేదు. దొప్ప ఇంత, అంతే. పుట్టగొడుగులు రెండు దొప్పలు తీసుకున్నాను అక్క కోసం. టిఫినుకు పోహా, దాని పక్కన జిలేబీ, రెండూ కలిపి ముప్పై రూపాయలు. ఉప్మాతో మైసూరుపాకు తిన్నట్టుంటుందని భయపడ్డాను గానీ ఇంకో ప్లేటు తిన్నాను.

కారు దగ్గరికి వస్తే తియ్యటి వాసన. జిలేబీది కాదు. పాత ఖరీదైన కారు ఉన్నవాళ్ళకు ఈ వాసన తెలుస్తుంది: ఇంజన్ని చల్లబరిచే గులాబీరంగు నీళ్ళు ఎక్కడో కారి వేడి ఇనుము మీద పడితే వస్తుంది. ఆ నీళ్ళు లీటరు తొమ్మిది వందలు. కారు కింద చిన్న గులాబీ మడుగుంది. చూడనట్టు నటించి బయల్దేరాను. అది నా తప్పే.

గీదం

గీదం ఊరి మొదట్లో బానెట్లోంచి ఆవిరి లేచింది. ఎదురుగానే మెకానిక్ షెడ్డు. ఇంతకన్నా అదృష్టం ఉంటుందా అనుకున్నాను. షెడ్డు యజమాని మనోహర్, జగదల్‌పూర్‌లో ఒక తెలుగు సేఠ్ దగ్గర పని నేర్చినవాడు, తెలుగు బాగా వచ్చు. కారు చూసి కళ్ళు మెరిశాయి, కానీ దగ్గరికి రాలేదు.

"సార్, ఔజార్లు కడిగేసినం."

లోపల ఎర్రగుడ్డ పరిచి, స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, జాకీ, చివరికి గ్రీజు డబ్బా కూడా తళతళా కడిగి వరసగా పేర్చారు. వాళ్ళమ్మ ఒక్కోదానికి బొట్టు పెడుతోంది. రేపు పూజ.

"పూజ రేపు గదా. ఇయ్యాల ఒక్క స్పానర్ తియ్యి."

"బొట్టు పెట్టినంక తియ్యం సార్. ఎల్లుండి పొద్దుగాలే."

నాకు కోపమొచ్చింది. రెట్టింపిస్తానన్నాను. మూడింతలన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. "ఏడాదిలో మూడొందల అరవై రోజులు ఇవి నా మాట వింటయి సార్. ఒక్క రోజు నేను వాటి మాట వినాలె గదా" అన్నాడు. వాళ్ళమ్మ తలెత్తకుండానే హిందీలో ఏదో అంది. అడిగితే, కోపంలో ఉన్నాడు, మంచినీళ్ళివ్వమందని చెప్పాడు. సిగ్గేసింది.

నీళ్ళు నాకూ ఇచ్చాడు, కారుకూ ఇచ్చాడు. ఐదు లీటర్ల క్యాన్లు మూడు డిక్కీలో పెట్టి, పది కిలోమీటర్లకోసారి ఆగి పోసుకోమన్నాడు. అలా ఆగుతూ పోస్తూ యాభై కిలోమీటర్లు నాలుగ్గంటలు పట్టింది.

కిరండూల్

బచేలి దాటాక ఇనుప ఖనిజం దుమ్ముకు అన్నీ ఎర్రబడతాయి. చెట్ల ఆకులు, గోడలు, కుక్కలు. తీగ మీద ఆరేసిన తెల్లచొక్కాల్లో కూడా కొంచెం ఎరుపు ఉంటుంది. విశాఖ వెళ్ళే ఖనిజం రైలు పక్కనుంచి పోతుంటే వ్యాగన్లు లెక్కపెట్టాను. అరవై దాటాక ఇంజను సంగతి గుర్తొచ్చి వదిలేశాను.

బావ క్వార్టర్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నన్ను పలకరించకముందే చెవి బానెట్ వైపు వంచాడు.

"ఫ్యాను మంచిగనే తిరుగుతాంది. నీళ్ళ పైపు కారుతాంది. పంపు గూడ ముసల్ది. ఎంతకు కొన్నవ్?"

"పదకొండు."

"మంచిగనే కొన్నవ్" అన్నాడు. అబద్ధమాడితే ఆయన ఎడమ కనుబొమ్మ కదులుతుంది. కదిలింది.

ఇంట్లో ఉన్న ఆయన టూల్‌బాక్సుకూ అప్పటికే బొట్టు పెట్టేశారు. గీదంలో విన్నదే ఇక్కడా విన్నాను. రేపు పొద్దున నీళ్ళు నింపుకుని మెల్లగా ఎక్కిద్దామన్నాడు. పుట్టగొడుగుల కూర అద్భుతంగా ఉంది. అక్క మాత్రం యూరియా సంచి చూసి నవ్వు ఆపుకోలేక కూర వడ్డించడం మరిచింది.

పూజ నాడు

కంపెనీ బస్సు ఎనిమిదింటికే పోయింది. పక్క క్వార్టర్లవాళ్ళు బైకుల మీద వెళ్ళిపోయారు. బావ ఇస్త్రీ చొక్కాలో, అక్క పట్టుచీరలో సిద్ధం. ఒంటిగంటకు కొండకింద గేటు మూసేస్తారు. పది గంటలకు నీళ్ళు పోద్దామని బానెట్ ఎత్తాం. బావ పైపును వేలితో అలా తాకాడో లేదో, దాని ప్లాస్టిక్ మూతి బిస్కెట్టులా విరిగి రాలిపోయింది.

ఆ మూతి విడిగా అమ్మరు. పైపంతా కొనాలి, పద్దెనిమిది వేలు, అదీ హైదరాబాద్‌లో. నేను ఆటోకు పరిగెత్తాను. ఊళ్ళో ఆటోలన్నీ కడిగి, పూలదండలు వేసుకుని, వరసగా నిలబడి ఉన్నాయి. వాటికీ ఈ రోజు సెలవే. వెనక్కి వచ్చేసరికి బావ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "పోనీ లే బామ్మర్దీ" అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఎక్కిన కొండ వైపు మాత్రం చూడలేదు. ఆ క్షణంలో నా కారును నేనే తగలబెట్టేవాణ్ణి.

"బొట్టు పెట్టనివి వాడొచ్చు గదా?" అంది అక్క గుమ్మంలోంచి.

"ఏమున్నయి పెట్టనియి?"

"నా వంటింట్ల అన్నీ."

బావ లేచాడు. కత్తిపీట తెచ్చి, దాని మీద పైపు చివర వంకాయ తొడిమ తీసినట్టు చక్కగా కోశాడు. నాకు ధర్మసందేహమొచ్చి, కత్తిపీట కూడా పనిముట్టే కదా అన్నాను.

"మరి దానికి బొట్టు ఎందుకు పెట్టలే?" అని అడిగాడు బావ అక్కను.

"పెడితే మీకు వండేదెట్ల? నాకు సెలవెవరిచ్చిన్రు?" అంది అక్క.

బావ ఆ కత్తిపీటను తానే కడిగి పక్కన పెట్టాడు. స్టౌ మీద నీళ్ళు మరిగించి, కోసిన చివరను అందులో ముంచి మెత్తబరిచి, పట్టకారుతో పట్టుకుని విరిగిన మూతి ఉన్నచోట ఇంజను గొట్టం మీదికి నెట్టాడు. బిగించడానికి క్లిప్పు కావాలి. ముగ్గురం ఒకేసారి గ్యాస్ స్టౌ వైపు చూశాం. సిలిండర్ ఆపి, రెగ్యులేటర్ తీసి, స్టౌకు గ్యాస్ పైపును పట్టి ఉంచే చిన్న ఇనుప క్లిప్పును ఊడదీశాడు. దాని మరను తిప్పింది ఒక రూపాయి బిళ్ళ. కొలిచి చేసినట్టు సరిపోయింది. పద్దెనిమిది వేల పని ఒక్క రూపాయితో అయింది, ఆ రూపాయి కూడా మళ్ళీ బావ జేబులోకే వెళ్ళింది.

కొండ మీదికి

అక్కను వెనక సీట్లోకి పంపడం ఒక ప్రత్యేక కార్యక్రమం. సీటు వంచి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, తల వంచి, పక్కకు తిరిగి మెల్లగా దూరింది. బావ మోకాళ్ళు అరిగిపోయాయి, ముందు సీట్లోకి దిగడానికి నా మెడ పట్టుకున్నాడు. కూర్చున్నాక ఒళ్ళో కొబ్బరికాయ పెట్టుకున్నాడు. గేటు దగ్గరికి వెళ్ళేసరికి పన్నెండూ నలభై. గార్డు బావకు సెల్యూట్ చేశాడు.

ఘాట్ మొదలు కాగానే వేడి ముల్లు పైకి పోయింది.

"ఏసీ ఆపు. హీటర్ పెట్టు, ఫుల్లు" అన్నాడు బావ.

ఇంజను వేడిని లాగి మన మీద పోసుకోవడం అన్నమాట. ముల్లు దిగింది. మేం ఉడికిపోయాం. యూరియా సంచి ఫటఫటా కొట్టుకుంటుంటే, వెనకనుంచి అక్క, "పదకొండు లచ్చల కుక్కర్ కొన్నవ్ తమ్మీ" అంది. బావ మాత్రం హాయిగా మలుపులు చూపిస్తూ వచ్చాడు. ఇక్కడ డంపర్ బోల్తా పడింది, ఇక్కడ ఎలుగుబంటి ఎదురైంది, ఇక్కడే మన స్కూటర్.

వర్క్‌షాపు రేకులు కనబడ్డాయి. పూలదండలు వేసుకున్న డంపర్లు కనబడ్డాయి. సరిగ్గా అప్పుడే స్టీరింగ్ ముందు ఎర్రదీపం వెలిగి, బండి ఆపమని ఇంగ్లీషులో రాసి, నేను ఆపేలోగా కారు తానే ఆగిపోయింది. క్లిప్పు బాగానే ఉంది. ముసలిదన్న పంపు పనిచెయ్యడం మానేసింది. ఇంకా రెండు ఫర్లాంగుల ఎక్కుడు.

బావ దిగబోయాడు. మోకాళ్ళతో ఆ ఎక్కుడు నడవలేడని ముగ్గురికీ తెలుసు. అంతలో పైనుంచి ఎవరో చూశారు. శ్రీకాకుళం అప్పలరాజు, బావ పక్కనే పాతికేళ్లు పనిచేసినవాడు, ముందు పరిగెత్తుకొచ్చాడు. వెనకాల తెలుగువాళ్ళు, ఛత్తీస్‌గఢ్‌వాళ్ళు, ఒడియావాళ్ళు, పాతిక ముప్పైమంది, అందరూ పూజ బట్టల్లో.

"ఏటి గురూ, బండాగిపోనాదేటి?"

"దిగుతాన ఉండు, నేను గూడ తోస్త" అన్నాడు బావ.

"ఊరుకో. ఇయ్యాల నీ సెయ్యి దేని మీదా పడకూడదు" అని అప్పలరాజు తలుపు మూసేశాడు. అద్దం అలవాటుగా అరంగుళం ఎక్కబోయి తలుపు లోపలే టక్కుమని ఊరుకుంది.

నేను స్టీరింగ్ పట్టుకున్నాను. వాళ్ళు తోశారు. జీవితమంతా ఆగిన బండ్ల కింద పడుకున్న మనిషి ఆగిన బండిలో దర్జాగా కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొబ్బరికాయను రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ చూస్తున్నాడు. ఎవరో డప్పు అందుకున్నారు. పందిరి దగ్గర ఒక డంపర్ డ్రైవరు హారన్ కొట్టాడు, ఇంకొకరు అందుకున్నారు, తర్వాత కొండమీద ఉన్న హారన్లన్నీ మోగాయి. అక్క వెనకాల ఏడుస్తోంది. నాకూ కళ్ళు మసకబారి దారి సరిగా కనబడలేదు. తోసేవాళ్ళే కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగ్ తిప్పుకున్నారు.

బావ కొబ్బరికాయ కొట్టాడు. ఒక్క దెబ్బకే రెండు చిప్పలు. తర్వాత కుంకుమ పళ్ళెం పట్టుకొచ్చి, నా కారు బానెట్ ఎత్తించి, గ్యాస్ క్లిప్పుకు బొట్టు పెట్టాడు.

ప్రసాదం తింటుంటే నా పక్కకు వచ్చాడు. "ముందు సీట్ల కూసోబెడతనన్నవ్, కూసోబెట్టినవ్. తోసే పని ఉండదన్నవ్." కాసేపు పూరీ నమిలి, "ఆ మాట తప్పుడే మంచిగైంది బామ్మర్దీ" అన్నాడు. ఎడమ కనుబొమ్మ కదల్లేదు.

తిరిగొచ్చాక

రెండు రోజులాగి, వర్క్‌షాపువాళ్ళు పంపు విప్పి ఎలాగో ప్రాణం పోస్తే, పొద్దుటి చల్లదనంలోనే నడుపుతూ ఇల్లు చేరాను. కొత్త పంపుకు షోరూములో నలభై ఆరు వేలు కట్టాను. అక్కడి కుర్రాడు పైపు మీది క్లిప్పును చూపించి, ఇది మన పార్టు కాదు సార్, పైన ఎర్రగా తుప్పు కూడా పట్టింది, మార్చేద్దాం అన్నాడు. అది తుప్పు కాదని చెప్పి, దాన్ని వదిలేసి మిగతావి చూడమన్నాను.

అదంతా జరిగి ఏడాదైంది. బావావాళ్ళు క్వార్టర్ ఖాళీ చేసి చెర్ల వచ్చేశారు. బావ స్పానర్లన్నీ కంపెనీ స్టోరుకు అప్పగించేశాడు, ఒక్కటి కూడా ఉంచుకోలేదు. మొన్న విశ్వకర్మ పూజ నాడు, బావ దిగులుగా ఉంటాడేమోనని మధ్యాహ్నం ఫోన్ చేశాను. అక్క ఎత్తింది.

"ఏం చేస్తున్నవే అక్కా?"

"ఏం లేదు. కూసున్న."

"వంటయిందా?"

"మీ బావ పొద్దున్నే కత్తిపీట, పట్టకారు, గరిటెలు, స్టౌ అన్నీ కడిగి బొట్టు పెట్టిండు. రేపటిదాంక వాటిని ముట్టొద్దన్నడు నన్ను."

"మరి తినేదెట్ల?"

"అది ఆయన సూసుకుంటడు. నాకు ఇయ్యాల సెలవు."